యూనిక్స్‌కు తెలుగు వ్యాఖ్యాత కావాలి

ఇంజనీరింగ్ సిలబస్ మార్చే ప్రతిసారీ వినిపించే మాట ఒకటుంది: కాలం చెల్లినవి తీసేసి మార్కెట్‌కు పనికొచ్చేవి పెట్టండి. ఆ లెక్కలో యూనిక్స్ (కంప్యూటర్‌ను నడిపించే ఒక ఆపరేటింగ్ సిస్టమ్) ప్రోగ్రామింగ్ ఎలెక్టివ్‌ల మూలకు జరిగిపోతుంది. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. కంప్యూటర్ సైన్స్ చదివే ప్రతి విద్యార్థికీ అడ్వాన్స్‌డ్ యూనిక్స్ ప్రోగ్రామింగ్ తప్పనిసరి కావాలి. కాకపోతే ఇప్పుడు చెబుతున్న పద్ధతిలో మాత్రం వద్దు.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా ల్యాబ్‌లో ఫోర్క్ ప్రోగ్రామ్‌ను (నడుస్తున్న ప్రోగ్రామ్, అంటే ప్రాసెస్, తన నకలుగా మరో ప్రాసెస్‌ను పుట్టించేది) సీనియర్ల రికార్డులోంచి చూసి రాసుకున్నాం. ఎడమ పేజీలో పెన్సిల్‌తో వేసిన అవుట్‌పుట్ కూడా వాళ్లదే. ప్రాసెస్ నంబరు రన్ చేసిన ప్రతిసారీ మారాలి. మా క్లాసు రికార్డులన్నిటిలోనూ ఒకటే నంబరు! అన్నిటికీ సంతకాలు పడ్డాయి. నేర్చుకోవలసిన వయసులో మా నుంచి లాగేసుకున్నది ఏమిటో ఉద్యోగంలో చేరాక గానీ అర్థం కాలేదు.

ఇదే విషయాన్ని యాభై ఏళ్ల కిందట సిడ్నీలో ఎలా చెప్పారో చూడండి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనాశాల నుంచి 1975లో యూనిక్స్ ఆరో ఎడిషన్ వచ్చింది. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు దాని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి భాగం) సోర్స్ కోడ్‌నే పాఠ్యపుస్తకం చేశాడు. మొత్తం పదివేల లైన్లలోపే. ఒక మనిషి ఓపిగ్గా కూర్చుంటే ఒక సెమిస్టర్‌లో చదివేయగలిగినంత. లైన్లకు నంబర్లు వేసి కోడ్ ఒక పుస్తకంగా, దాని వివరణ మరో పుస్తకంగా 1977కల్లా సిద్ధం చేశాడు. 1979లో ఏడో ఎడిషన్ లైసెన్సు సోర్స్‌తో పాఠం చెప్పడాన్నే నిషేధించింది. ఆ పుస్తకాలు మాత్రం ఆగలేదు, జెరాక్స్‌కు జెరాక్స్ తీసుకుంటూ ప్రపంచమంతా చదివారు. చట్టబద్ధంగా అచ్చయింది 1996లో. పాఠం చెప్పడానికి కోడ్ లేకుండా పోయిందనే ఆండ్రూ టానెన్‌బామ్ అనే అధ్యాపకుడు యూనిక్స్ లాంటి మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను సొంతంగా రాసి 1987లో విడుదల చేశాడు. ఆ మినిక్స్ మీద పనిచేస్తూనే హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టాడు. ఇవాళ మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడిచేది లినక్స్ కెర్నలే. తరగతి గది కోసం పడిన తపన ఎంత దూరం వచ్చిందో!

సోర్స్ చదివితే ఏం ఒరుగుతుంది? ఫోర్క్‌నే తీసుకోండి. ఒక్కసారి పిలిస్తే రెండుసార్లు తిరిగొస్తుంది: తల్లి ప్రాసెస్‌కు పిల్ల నంబరు, పిల్లకు సున్నా. రెండు మార్కుల ప్రశ్నకు ఇది చాలు. కానీ ఎలా? ఆ 'ఎలా' కెర్నల్‌లోనే దొరుకుతుంది. ఒక ప్రాసెస్‌ను ఆపి ఇంకోదాన్ని నడిపించే చోట, 'ఇది మీకు అర్థం కావాలని మేం ఆశించడం లేదు' అనే అర్థంలో ఒక కామెంట్ ఉంది. లయన్స్ ఆ పేజీని కూడా విద్యార్థుల ముందు పెట్టాడు. గురువు మీద నాకు గౌరవం పెరిగేది అక్కడ.

కోడ్ ఇప్పుడు ఏఐ రాస్తోంది కదా, ఇంటర్వ్యూల్లో క్లౌడ్ అడుగుతున్నారు కదా అంటారు. ప్లేస్‌మెంట్ల గుబులు నాకు అర్థమవుతుంది. అయితే క్లౌడ్‌లో నడిచే డాకర్ కంటైనర్ (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి కట్టిన మూట) చివరికి లినక్స్ ప్రాసెసే, చుట్టూ కెర్నల్ గీసిన గిరితో. ఏఐ రాసిన ప్రోగ్రామ్ ఫైళ్లు తెరిచి మూయడం మరిచిపోతే, కొన్ని గంటలు బాగానే నడిచి అర్ధరాత్రి 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' అంటూ ఆగిపోతుంది. అప్పుడు కావలసింది ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు కెర్నల్ ఇచ్చే నంబరు) అంటే ఏమిటో తెలిసిన మనిషి.

అసలు లయన్స్ చేసిన పని మనకు కొత్తదా? మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథసూరి ఊరు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ ఆయన ముందే మాటిచ్చాడు: మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను. పదం పదం విప్పి, అన్వయం చెప్పి, తరతరాల విద్యార్థుల్ని చేయి పట్టుకుని కావ్యంలోకి నడిపించాడు. కెర్నల్‌కు లయన్స్ చేసింది అచ్చంగా అదే. అలాంటి వ్యాఖ్యాతలు పుట్టిన నేల మీద మన పిల్లలు గైడ్లు బట్టీ పడుతున్నారు. ఇంటర్వ్యూ ప్రశ్నల వీడియోలు తెలుగులో కావలసినన్ని ఉన్నాయి. ఒక కెర్నల్‌కు లైను లైనునా తెలుగు వ్యాఖ్యానం మాత్రం నా కంట పడలేదు. ప్రాసెస్, పైప్, సిగ్నల్ లాంటి మాటల్ని అలాగే ఉంచండి, వాటికి బలవంతపు అనువాదాలు అక్కర్లేదు. వివరణ తెలుగులో సాగితే చాలు, వెనక బెంచీలో ఇంగ్లిష్‌కు జంకి కూర్చున్న కుర్రాడు తలెత్తుతాడు.

సరంజామా సిద్ధంగానే ఉంది. ఆరో ఎడిషన్ నమూనాలోనే ఎంఐటీ 2006లో ఎక్స్‌వీ6 అనే చిన్న బోధనా కెర్నల్ తయారుచేసింది. దాని సోర్స్ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, ల్యాబ్‌లోని పాత కంప్యూటర్ల మీద కూడా ఎమ్యులేటర్‌లో (మరో కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రామ్‌లో) నడుస్తుంది. యూనివర్సిటీలు వచ్చే సిలబస్‌లో రికార్డు మార్కులు ఎత్తేసి, ల్యాబ్ పరీక్షలో ప్రతి విద్యార్థికీ ఆ కెర్నల్‌లోంచి ఒక ఇరవై లైన్లు ఇవ్వాలి. ఒక లైను తీసేస్తే ఏమవుతుందో ముందు చెప్పమనాలి. తర్వాత తీసేసి, నడిపి చూపించమనాలి.