కరిచిన కుక్కను మాయం చేయకండి, నాకు చూపించండి

నేను హైదరాబాద్ శివార్లలో ఒక మున్సిపాలిటీ వెటర్నరీ విభాగంలో పనిచేస్తాను. ఎవరినైనా కుక్క కరిచిందని ఫిర్యాదు వస్తే వెళ్లి విచారించేది మేమే. బస్తీల్లో మమ్మల్ని కుక్కల బండోళ్లు అంటారు, కాలనీల్లో కాస్త మర్యాదగా కుక్కల మేడమ్ అంటారు. ఏ పేరుతో పిలిచినా నాకు అభ్యంతరం లేదు. కానీ వెళ్లిన ప్రతిచోటా ఒకే మాట చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది. అందుకే ఇక్కడ రాస్తున్నా. పెద్ద పోస్టే, ఓపిక ఉంటే చదవండి.

కరిచిన కుక్క నాకు ప్రాణంతో కావాలి. అదీ పది రోజులు.

దాని మీద ప్రేమతో అడగడం లేదు. రేబిస్ సోకిన కుక్క లాలాజలంలోకి వైరస్ వచ్చేది, దానికి జబ్బు లక్షణాలు బయటపడటానికి కొద్ది రోజుల ముందే. లక్షణాలు మొదలయ్యాక అది ఎక్కువ రోజులు బతకదు. అంటే ఇవాళ మిమ్మల్ని కరిచిన కుక్క పదో రోజున కూడా తోక ఊపుకుంటూ తిరుగుతుంటే, కరిచిన రోజున దాని నోట్లో వైరస్ లేదని అర్థం. ఈ లెక్క కుక్కలకూ పిల్లులకూ మాత్రమే పనికొస్తుంది. కోతి కరిస్తే ఇది వర్తించదు. కుక్క పది రోజుల్లోపు చనిపోయినా, జబ్బు చేసినా, అది ఇంకా ఎవరిని కరిచిందో వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరగాల్సింది నేనే. విచారణ అంటే ఇదే, బండి తెచ్చి వల విసరడం కాదు.

ఆగండి, ఇది చదివి 'పది రోజులు చూసి అప్పుడు ఇంజెక్షన్ వేయించుకుందాం' అనుకోకండి. అలా ఆగిన వాళ్ల ఇళ్లకు కూడా నేను వెళ్లాను, ఆ సంగతులు ఇక్కడ రాయలేను. కరవగానే కుళాయి తిప్పి, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు వద్దు, కారం వద్దు, సున్నం వద్దు, పక్క ఊళ్లో ఎవరో ఇచ్చే ఆకు పసరు అసలే వద్దు. కడిగిన వెంటనే దవాఖానకు వెళ్లాలి. సర్కారు దవాఖానలో చర్మం పొరలో వేసే టీకా అయితే మొదటి రోజున, తర్వాత 3, 7, 28 రోజులకు. రక్తం వచ్చేలా కాటు పడితే టీకాతో పాటు గాయం చుట్టూ సీరం కూడా వేయాలి. టీకా పనిచేయడం మొదలయ్యే దాకా కాపాడేది ఆ సీరమే. చాలామంది దీని గురించి అడగనే అడగరు. మీరు అడగండి. ఇక బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల కథ చెప్పి పిల్లల్ని భయపెట్టే పెద్దలకు ఒక దండం. ఆ మందు మన దేశంలో ఆగిపోయి దాదాపు ఇరవై ఏళ్లయింది. పథ్యం కూడా ఏమీ లేదు, వంకాయ తినొచ్చు.

మళ్లీ కుక్క దగ్గరికి వద్దాం. ఈ మధ్య ఒక బస్తీ నుంచి సాయంత్రం ఫోన్ వచ్చింది, స్కూలు నుంచి వస్తున్న పాపను కుక్క పిక్క మీద కరిచిందని. మేం వెళ్లేసరికి గల్లీ మొత్తం ప్రశాంతంగా ఉంది. "మేడమ్, ఇంక టెన్షన్ లేదు, దాన్ని మా పిల్లగాళ్లు చూసుకున్నారు" అన్నాడు ఒకాయన గర్వంగా. చూసుకోవడం అంటే రాళ్లతో తల పగలగొట్టి నాలాలో పడేశారు. ఇప్పుడు నేనేం చేయాలి? కుక్కకు రేబిస్ ఉందో లేదో చచ్చాక తేల్చేది దాని మెదడు నుంచి తీసిన నమూనా. తల చితికిపోతే, అదీ నాలా నీళ్లలో నానితే, ల్యాబ్‌కు పంపడానికి ఏం మిగులుతుంది? సాక్షిని చంపేసి పోలీసులకు ఫోన్ చేసినట్టుంది యవ్వారం.

అసలు తలనొప్పి తర్వాత మొదలైంది. అదే కుక్క ఆ రోజు పొద్దున ఒక పారిశుద్ధ్య కార్మికురాలిని గీరిందని ఇస్త్రీ బండి ఆయన చెప్పాడు. ఆమెకు అది కాటులాగే అనిపించలేదు, చీర చిరిగిందని తిట్టుకుని వెళ్లిపోయింది. అంతకు ముందు రోజు రెండు కుక్కలతో కొట్లాడిందట. ఆ రెండూ ఏవి? ఎవరికీ తెలియదు. పాపకు టీకా పడింది, సీరం పడింది, నాకు ఆ బెంగ లేదు. ఆ కార్మికురాలిని వెతికి పట్టుకుని, 'గీరిందంతే కదమ్మా' అనే ఆమెను ఒప్పించి పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కుక్క కట్టేసి ఉంటే, మూడో రోజుకో నాలుగో రోజుకో దాని వాలకమే సగం కథ చెప్పేది.

ఇది బస్తీ కథ. కాలనీ కథ ఇంకో రకం. అక్కడ కుక్కను చంపరు, దాచేస్తారు. డ్రైవర్‌నో, వంటమనిషినో, డెలివరీ అబ్బాయినో పెంపుడు కుక్క కరిచిందని ఫిర్యాదు వస్తుంది. గేటు దగ్గర బెల్లు కొడితే "మా బ్రూనో అస్సలు కరవడండీ, ఆడుకుంటుంటే పన్ను తగిలింది" అంటారు. టీకా కార్డు చూపించమంటే క్లినిక్‌లో ఉందంటారు. మర్నాడు వెళ్తే బ్రూనో ఫామ్‌హౌస్‌కు వెళ్లాడంటారు! కుక్కకు వేసవి సెలవులు కాబోలు. కరిపించుకున్న అబ్బాయి చేతిలో మాత్రం రెండు వేలు పెట్టి ఉంటారు, అతను ఆ డబ్బుతో దవాఖానకు వెళ్లాడో లేదో ఎవరూ అడగరు. నేను అడిగితే 'సెటిల్ అయిపోయింది కదా' అంటారు. వైరస్‌తో సెటిల్‌మెంట్ ఎవరు చేశారో!

ఒక మాట తెలుసుకోండి. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా యజమాని జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా పడొచ్చు. నేను ఆ సెక్షన్ పేరు ఎత్తేది బెదిరించడానికి కాదు, బ్రూనో ఎక్కడున్నాడో చెప్పించడానికి. టీకా వేయించిన కుక్క అయినా సరే కరిస్తే పది రోజులు కళ్లముందు ఉంచాలి.

వీధి కుక్కలకు అన్నం పెట్టేవాళ్లు కూడా దాచేస్తారు. ఈ మాటంటే జంతు ప్రేమికులకు కోపం వస్తుంది, రానివ్వండి. కరిచిందని తెలియగానే రాత్రికి రాత్రి ఆటోలో ఎక్కించి వేరే ఏరియాలో వదిలి వచ్చినవాళ్లు నాకు తెలుసు. మున్సిపాలిటీ వాళ్లు చంపేస్తారని భయం. మేం చంపం. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం కరిచిందని చంపే అధికారం మాకు లేదు, రేబిస్ ఉన్న కుక్కను కూడా విడిగా ఉంచి సహజంగా చనిపోనివ్వాలి. మీరు ఆటోలో తీసుకెళ్లి వదిలిన కుక్కకు నిజంగానే జబ్బుంటే ఏమవుతుంది? దాని మొహం తెలియని బస్తీకి, తన హద్దు కాని చోట కంగారుగా తిరిగే కుక్కను, రేబిస్‌తో సహా అప్పగించారు. దీన్ని ప్రేమ అని మీరే అనుకోవాలి.

ఇక రెండో పక్షం, కుక్కలన్నిటినీ ఎత్తుకుపొమ్మనేవాళ్లు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లోని వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న దగ్గర్నుంచి కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో అందరూ లాయర్లయిపోయారు. అదే నెల 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని మార్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా అయ్యాక కుక్కల్ని పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవాటినీ దూకుడుగా ఉన్నవాటినీ వదలొద్దు అంది. నవంబర్ 7న బడులు, దవాఖానలు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లోపలి నుంచి పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దని చెప్పింది. ఈ మూడింట్లో మొదటిది మాత్రమే గ్రూపుల్లో తిరుగుతుంది. "కోర్టే చెప్పింది కదా మేడమ్, అన్నీ ఎత్తుకెళ్లండి" అంటారు. ఎక్కడికి ఎత్తుకెళ్లాలో మాత్రం చెప్పరు. మీ కాలనీ పక్కన ఖాళీ జాగాలో షెల్టర్ కడదామంటే అందరూ ఒక్కటై సంతకాలు పెడతారు, వద్దని!

కోపం తప్పని నేననను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపిన వీడియో నేనూ చూశాను. ఆ తర్వాత వారాల తరబడి ఏ బస్తీకి వెళ్లినా తల్లులు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. అది రేబిస్ సమస్య కాదు, గుంపు సమస్య, ఆపరేషన్లు చేయాల్సినన్ని చేయకపోవడం వల్ల వచ్చిన సమస్య. ఆ మాట మా శాఖలను అనాల్సిందే. పట్టడానికి మనుషులు చాలరు, ఆపరేషన్ చేసిన కుక్కను కోలుకునే దాకా ఉంచడానికి బోనులు చాలవు. అడిగితే ఫైలు తిరుగుతుంది. దాంతో పాటు చికెన్ షాపుల వెనక రోజూ పడే వ్యర్థాల గురించి కూడా అడగండి. ఎక్కువ కుక్కలు గుమిగూడే చోటు ఏదని నన్నడిగితే మ్యాపు అక్కర్లేదు, వాసన చాలు. ఆ షాపులో కొనేది మనమే, వ్యర్థాలు ఎక్కడికి పోతున్నాయని షాపాయన్ని ఎప్పుడైనా అడిగారా?

చంపితే తీరిపోతుందనే వాళ్లకు నా జవాబు అంకెల్లోనే ఉంది. ఒక ప్రాంతంలో ప్రతి వంద కుక్కల్లో డెబ్బైకి టీకా ఉంటే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోవాలో ఏళ్ల తరబడి వీధివీధి తిరిగి టీకాలు వేసి, మనుషుల్లో రేబిస్ మరణాలు లేని స్థితికి వచ్చారు. మన దగ్గర కష్టపడి టీకా వేసిన కుక్కను ఎవరో విషం పెట్టి చంపుతారు. తిండి దొరికే ఆ చోటుకు టీకా లేని కొత్త కుక్క వచ్చేస్తుంది. మళ్లీ సున్నా నుంచి లెక్క. పైగా చంపిన వాళ్ల మీద కేసు, సాక్ష్యం చెప్పడానికి నేను, ఆ రోజు మొత్తం వృథా.

చెవి సంగతి కూడా చెప్పాలి. చెవి కొస కత్తిరించి ఉందంటే దానికి ఆపరేషన్ అయిందని గుర్తు. అప్పుడు టీకా కూడా వేస్తారు. కానీ ఆ ఆపరేషన్ ఏ ఏడు అయిందో చెవి చెప్పదు కదా! టీకా ఏటా వేయాలి. 'చెవి కట్ అయింది మేడమ్, సేఫ్ కుక్కే' అని దవాఖానకు వెళ్లకుండా కూర్చున్నవాళ్లను చూస్తే నాకు వణుకు పుడుతుంది.

అలాగే పిచ్చి కుక్క అంటే నురగలు కక్కుతూ అందరి మీదా పడేదే అనుకుంటారు. కొన్ని అలా ఉండవు. మూల చేరి పడుకుంటాయి, దవడ వేలాడిపోతుంది, గొంతు మారిపోతుంది, నీళ్లు మింగలేవు. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని జాలిపడి నోట్లో వేళ్లు పెట్టేవాళ్లుంటారు. దయచేసి పెట్టకండి, మాకు ఫోన్ చేయండి. కుక్కపిల్ల కదా అనీ తేలిగ్గా తీసుకోకండి. 2025లో ఉత్తరప్రదేశ్‌లో ఒక కబడ్డీ ఆటగాడు కాలువలో పడిన కుక్కపిల్లను బయటికి తీస్తుంటే అది కరిచింది. చిన్న గాయమే కదా అని టీకా వేయించుకోలేదు, రేబిస్‌తో చనిపోయాడు. లక్షణాలు మొదలయ్యాక హైదరాబాద్ నల్లకుంటలోని కోరంటి దవాఖానకు, అంటే ఫీవర్ ఆసుపత్రికి తీసుకెళ్లినా డాక్టర్లు చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

నాకు ఫోన్ చేసినప్పుడు "ఇక్కడ కుక్కలు ఎక్కువైపోయాయి" అని మొదలుపెట్టి రాజకీయాల దాకా వెళ్లకండి. కరిచింది ఎవరిని, ఎన్ని గంటలకు, ఏ గల్లీలో, కుక్క రంగేంటి, మెడలో పట్టీ ఉందా, చెవి కట్ అయిందా, ఊరికే పోతుంటే మీద పడిందా లేక దాని పిల్లల దగ్గరికి ఎవరైనా వెళ్లారా, ఇంకెవరినైనా కరిచిందా. ఇవి చెప్తే చాలు. వీలైతే దూరం నుంచి ఒక ఫోటో. పెంపుడుదైతే గేటు లోపల కట్టేయండి. వీధిదైతే తరమకండి, తరిమితే అది హద్దు దాటి వెళ్లిపోతుంది. ఆ పది రోజులూ మేం రోజుకు రెండుసార్లు వచ్చి చూడలేం. అది రోజూ కనిపిస్తోందా, తింటోందా అని మాకు చెప్పేది వాచ్‌మన్, టీ బండి ఆయన, మటన్ కొట్టు ఆయన. వాళ్లకు ప్రతి కుక్కా గుర్తే. కాలనీ సెక్రటరీ కంటే నాకు వాళ్ల నంబర్లే ఎక్కువ ఉపయోగం.

'అంత ప్రేముంటే మీ ఇంటికి తీసుకెళ్లండి' అని కింద రాయబోయేవాళ్లకు ముందే చెప్తున్నా. మా ఇంట్లో కుక్క లేదు. మా అమ్మకు కుక్కలంటే భయం, నాకు రోజంతా అవే చూసి వచ్చాక ఇంట్లో కూడా చూసే ఓపిక లేదు.