14 టెరా ఎలక్ట్రాన్ వోల్టులు అందకపోతే యంత్రం విఫలమైనట్టేనా?

జెనీవా దగ్గర ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ నడుపుతున్న, ప్రోటాన్లను ఎదురెదురుగా ఢీకొట్టించే యంత్రం లార్జ్ హాడ్రాన్ కొలైడర్ గురించి ఒక మాట విస్తృతంగా చక్కర్లు కొడుతోంది: 2008లో మొదలైన ఈ యంత్రం అనుకున్న 14 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) తాకిడి శక్తిని నేటికీ అందుకోలేదనీ, ఏళ్ల తరబడి మూతపడుతోందనీ, కాబట్టి దానికి ఇంకా మెరుగులు దిద్దడం దండగ అనీ దాని సారాంశం.

మొదటి ముక్క నిజమే. అయితే 2022 నుంచి కణాలు 13.6 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఢీకొంటున్నాయి. లోటు నూటికి మూడు పాళ్లలోపే. ఆ కాస్త పెంచాలంటే 1.9 కెల్విన్ల (సుమారు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్) చలిలో పనిచేసే 1232 ప్రధాన అయస్కాంతాలను మరింత విద్యుత్తుకు అలవాటు చేయాలి. ఆ క్రమంలో తీగచుట్ట పిసరంత కదిలినా వేడి పుట్టి అతివాహకత (నిరోధం లేకుండా విద్యుత్తును ప్రవహింపజేసే గుణం) పోతుంది, మళ్లీ చల్లబరచడానికి గంటలు పడుతుంది.

ఇంతకీ కొలైడర్ పనితీరుకు శక్తి ఒక్కటే కొలబద్ద కాదు. హిగ్స్ బోసాన్ వంటి అరుదైన కణాలు వందల కోట్ల తాకిడుల్లో ఎప్పుడో ఒకసారి పుడతాయి గనుక, ఎన్ని తాకిడులు జరిపించగలమో చెప్పే ల్యూమినాసిటీయే కీలకం. ప్రచారంలో దాని ఊసే లేదు! రూపకల్పనలో అనుకున్న ల్యూమినాసిటీని ఈ యంత్రం 2016లోనే అందుకుంది, మరుసటి ఏడాది రెట్టింపు చేసింది.

అదీ మీట నొక్కితే వచ్చింది కాదు. 2017లో ప్రోటాన్ల పుంజం సాగే గొట్టంలో ఒకచోట చిక్కుకున్న గాలి గడ్డకట్టి, దాని రేణువులు పుంజానికి అడ్డుపడటంతో యంత్రం పదేపదే ఆగిపోయింది. అప్పుడు నిర్వాహకులు ఎనిమిది ప్రోటాన్ గుత్తుల తరువాత నాలుగు ఖాళీలు వదిలి, ఈ ఇబ్బందిని పెంచుతున్న, గొట్టం గోడల నుంచి లేచే ఎలక్ట్రాన్ల మేఘాన్ని తగ్గించారు. గుత్తులు తగ్గిన నష్టాన్ని, తాకిడి బిందువు వద్ద పుంజాన్ని మునుపటికన్నా సన్నగా కేంద్రీకరించి పూడ్చారు. రెట్టింపు ల్యూమినాసిటీ సాధించింది ఆ అవాంతరం నడుమనే!

ఇక మూతల సంగతి. 2008 సెప్టెంబరులో అయస్కాంతాల మధ్య విద్యుత్ అతుకు ఒకటి విఫలమై, వాటిని చల్లబరిచే హీలియం లీకైన మాట వాస్తవమే. కానీ 2013లో మొదలైన విరామం ముందే నిర్ణయించుకున్నది. అందులో పదివేలకు పైగా అతుకులను బలపరచబట్టే తాకిడి శక్తిని 8 నుంచి 13 టెరా ఎలక్ట్రాన్ వోల్టులకు పెంచగలిగారు.

మెరుగులు దండగ అన్న వాదన మరీ బలహీనం. గణాంక దోషాన్ని సగానికి తగ్గించాలంటే నాలుగింతల దత్తాంశం కావాలి, ఇప్పటి వేగంతో అది పదేళ్లకు పైగా పట్టే పని. పైగా తాకిడి బిందువులకు ఇరువైపులా ఉన్న కేంద్రీకరణ అయస్కాంతాలు వికిరణానికి దెబ్బతింటున్నాయి కనుక వాటిని ఎలాగూ మార్చాలి. వాటి స్థానంలో నయోబియం-తగరంతో చేసిన మరింత శక్తిమంతమైనవి పెట్టాలన్నదే ఈ మెరుగుల ప్రణాళిక.