బ్రాడ్‌వేలో మా మామగారు

బ్రాడ్‌వేలో నాటకం చూడాలంటే ముందు మోకాళ్లు గట్టివై ఉండాలి. డబ్బు సంగతి తర్వాత. న్యూయార్క్‌లోని ఆ నాటకశాలల్లో చాలావరకు 1900కీ 1930కీ మధ్య కట్టినవే. లైసియం అనే హాలు 1903 నాటిది, ఇప్పటికీ ఆడుతోంది. బయట బల్బుల ధగధగలు చూసి లోపల ఎస్కలేటర్లు ఉంటాయనుకుంటాం. మెజనీన్ అని పిలిచే మేడమీది సీట్లకు చాలా హాళ్లలో లిఫ్టు కూడా లేదు. మెట్లెక్కాలి. ఎక్కాక, ఆ కాలపు మనుషుల కాళ్లకు కొలత తీసి వేసిన వరసల్లో ముడుచుకుని కూర్చోవాలి.

ఇవన్నీ టిక్కెట్టు కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. మా ఆవిడకీ చెప్పలేదు. వాళ్ల నాన్నగారికి సర్‌ప్రైజ్ అంటూ ఆన్‌లైన్‌లో నాలుగు టిక్కెట్లు కొనేసింది. తలా నూటయాభై డాలర్లు. మెజనీన్.

మామగారిది తెనాలి. నాటకాల్లో ఎప్పుడూ వేషం కట్టలేదు గానీ, చూడటంలో మాత్రం ఆయన చెయ్యి తిరిగిన మనిషి. చిన్నప్పుడు చాప చంకన పెట్టుకుని వెళ్లి, తెల్లవారి కాకులు అరిచేదాకా పద్య నాటకాలు చూసిన రకం. ఏ కృష్ణుడు ఏ పద్యం దగ్గర ఎంతసేపు రాగం తీశాడో ఇప్పటికీ చెబుతారు. నయాగరా చూపిస్తే "బాగానే ఉంది, నీళ్లు ఎక్కువ" అన్నారు. స్వేచ్ఛా విగ్రహం దగ్గర అదీ అనలేదు. పాటలతో నడిచే నాటకానికి తీసుకెళ్తున్నామనగానే మాత్రం లేచి ఇస్త్రీ చొక్కా వెతుక్కున్నారు.

"ఎన్నింటికండీ అల్లుడుగారూ?"

"రెండింటికి, మావయ్యగారూ."

"అంటే మూడున్నరకు తెర లేస్తుంది. నిదానంగా బయల్దేరుదాం."

అది బుధవారం. బ్రాడ్‌వే వాళ్లు మామూలుగా వారానికి ఎనిమిది ఆటలు ఆడతారు. సోమవారం చాలా హాళ్లు మూసేసి, ఆ లోటు బుధ, శని, ఆదివారాల మ్యాటినీలతో పూడ్చుకుంటారు. బుధవారం మ్యాటినీ అంటే నాలాంటి ఉద్యోగస్తుడికి సెలవు చీటీ. పనేమిటని మా మేనేజరు అడిగితే "కుటుంబ అవసరం" అన్నాను. అబద్ధం కాదు.

న్యూజెర్సీ నుంచి రైలెక్కాం. మన్‌హట్టన్ చేరాలంటే హడ్సన్ నది కింద సొరంగంలోంచి పోవాలి. 1910లో తెరిచిన సొరంగం అది. రెండే గొట్టాలు, ఒక్కోదాంట్లో ఒక్కటే పట్టా. ముందు పోయే రైలుకి జలుబు చేస్తే వెనకున్నవాటన్నిటికీ తుమ్ములే. ఆ రోజు ఏ రైలుకి ఏమైందో గానీ మాది సొరంగం ముందే ఆగిపోయింది. స్పీకర్లో ఏదో గొణిగారు. మా ఆవిడ నిమిషానికోసారి ఫోన్లో టైము చూసుకుంటోంది. మామగారు కిటికీలోంచి రెల్లు పొదలు చూస్తూ, హార్మోనిస్టు రాలేదని తెర లేవకుండా ఆగిన ఓ నాటకం కథ తాపీగా మొదలుపెట్టారు. కథ అయ్యేసరికి రైలు కదిలింది. అందుకు ఆయన్ని మెచ్చుకోవలసిందే.

పెన్ స్టేషన్లో దిగేసరికి ఒకటీ నలభై. స్టేషను ముప్ఫై నాలుగో వీధి, హాలు నలభై ఎనిమిదో వీధి. అక్కడ ఇరవై వీధులు దాటితే మైలు లెక్క, అంటే మాకు ముప్పాతిక మైలు దాకా నడక. టాక్సీ ఎక్కుదామంటే రోడ్డు మీద టాక్సీలు మనకంటే నెమ్మదిగా కదులుతున్నాయి. పట్టుచీర, దాని కింద స్పోర్ట్స్ షూ, పైన మా ఆవిడ చలికోటు. ఆ వేషంలో అత్తగారు నడిచారు. పట్టుకి నవంబరు గాలి ఆనదని ఇంటి దగ్గరే చెప్పాం, వినలేదు. నాటకానికెళ్తూ నూలు చీరేమిటని ఆవిడ వాదన.

టైమ్స్ స్క్వేర్లో ఇంకో గండం. మిక్కీ మౌసులూ, సూపర్ హీరోలూ వేషాలు కట్టుకుని వచ్చేపోయేవాళ్లతో ఫొటోలు దిగి డబ్బులడుగుతారు. మామగారు ఆగిపోయారు. "పగటివేషాలు! ఇక్కడా ఉన్నారా?" అంటూ ముచ్చటగా పర్సు తీయబోయారు. మా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది. "నాన్నా, ఈ ఊళ్లో వేషం వేసుకున్నవాళ్లెవరికీ డబ్బులివ్వద్దు. ఒకళ్లకిస్తే పదిమంది మూగుతారు."

నలభై ఏడో వీధి దగ్గర ఎర్ర మెట్ల కింద టీకేటీఎస్ అని ఒక టిక్కెట్ల కౌంటరుంది. 1973 నుంచీ అక్కడ మిగిలిపోయిన టిక్కెట్లను ఏ రోజుకా రోజు తగ్గింపు ధరకు అమ్ముతున్నారు, సగం ధరకి కూడా. పైన బోర్డు మీద ఏ నాటకానికి ఎంత తగ్గింపో మెరుస్తూ ఉంటుంది. అత్తగారికి దూరపు చూపు అద్భుతం.

"ఏమే, మనం వెళ్లేది అదేగా? నలభై శాతం తక్కువట కదే?"

మా ఆవిడ నడక వేగం పెంచింది. నేనూ పెంచాను.

హాలు చేరేసరికి రెండూ పది. తలుపులు మూసేశారు. తెర లేచాక వచ్చినవాళ్లను పాట మధ్యలో లోపలికి పంపరు. సీట్లు చూపించే ఒక పెద్దావిడ చేతిలో చిన్న టార్చితో అడ్డంగా నిలబడి, మొదటి పాట అయ్యాక పంపిస్తానంది. అప్పటిదాకా వరండాలో గోడకు బిగించిన బుల్లి టీవీలో చూడమంది. నూటయాభై డాలర్లు పెట్టి టీవీ చూశాం.

మామగారికి కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది. "రెండింటికంటే నిజంగానే రెండింటికి మొదలెట్టేశారా? ప్రెసిడెంటుగారి ఉపన్యాసం లేదా? కొబ్బరికాయ కొట్టలేదా?"

లోపలికి వెళ్లేటప్పుడు ఆ పెద్దావిడ తలా ఒక ప్లేబిల్ ఇచ్చింది. నటీనటుల వివరాల పుస్తకం, ఊరికే ఇస్తారు. అందులోంచి ఒక కాగితం ముక్క జారి కింద పడింది. ఈ ఆటలో కథానాయిక పాత్ర ఫలానా నటి బదులు వేరే ఫలానా నటి పోషిస్తారని దాని మీద అచ్చు. మా ఆవిడ మొహం వాడిపోయింది. టిక్కెట్లు కొన్నదే ఆ మొదటి ఫలానా కోసం. మామగారు చీటీ తీసుకుని, నేను చదివి చెప్పింది విని హాయిగా నవ్వారు.

"ఇంతేనా! మా దగ్గర ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు. పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన, యుద్ధానికి మరొకాయన. ఒకాయన సన్నం, ఒకాయన లావు. ఎవరైనా ఏమైనా అన్నారా? ఎవరి పద్యం వాళ్లది."

మెట్లెక్కాం. అత్తగారు రెండు చోట్ల ఆగి దేవుణ్ణి తలుచుకున్నారు. మా వరస మధ్యలో సీట్లు కావడంతో పదకొండు మంది లేచి నిలబడితే గానీ కూర్చోలేకపోయాం.

నాటకం బాగుంది. సెట్లు వాటంతటవే వచ్చి పోతున్నాయి. ఇల్లు వీధి అవుతోంది, వీధి రేవు అవుతోంది. తాళ్లు లాగే మనిషి ఎక్కడా కనపడడు. ఇవి కంప్యూటరు మీద నడుస్తాయని చెప్పబోతే, "సురభి వాళ్లు కంప్యూటరు లేకుండానే చేసేవారు" అని మామగారు కొట్టిపారేశారు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సమాజం అది. స్టేజీ మీద వానలు కురిపించి, మనుషుల్ని గాల్లో ఎగరేసినవాళ్లు. ఆ మాట తీసేయలేం.

అప్పుడొచ్చింది ఆ పాట. చీటీలోని నటి ఒంటరిగా నిలబడి మెల్లగా ఎత్తుకుంది. మామగారికి ఒక్క ముక్క ఇంగ్లీషు అర్థమైందనుకోను. కానీ వేళ్లు తొడ మీద తాళం వేస్తున్నాయి, మెడ సన్నగా ఊగుతోంది. ఆఖరి చరణంలో ఆవిడ గొంతు పైకి లేపి, అక్కడే నిలబెట్టి, ఇంకా నిలబెట్టి, వదిలింది. హాలంతా చప్పట్లు. చప్పట్లు ఆగాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"వన్స్ మోర్!"

తెనాలి వీధిలో మైకు లేని రోజుల్లో తయారైన గొంతు అది. లేచి నిలబడి మరీ అన్నారు. కింద ఉన్న తలకాయలన్నీ వెనక్కి తిరిగాయి. ఎక్కడో ఒక కుర్రాడు ఇదేదో బాగుందని ఈల వేశాడు. మామగారికి అది మద్దతుగా తోచింది.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

పద్య నాటకంలో ఇది జనం హక్కు. జనం అడిగితే కృష్ణుడు రాయబారం మధ్యలో ఆగి, దుర్యోధనుణ్ణి కాసేపు కూర్చోబెట్టి, అదే పద్యం ఇంకొంచెం రాగం పెంచి పాడతాడు. ఇక్కడ స్టేజీ ముందు పిట్ అనే గోతిలో వాద్యగాళ్లని నడిపించే కండక్టరు పుల్ల అప్పటికే తర్వాతి పాటలోకి దిగిపోయింది. వెనక రేవు పోయి బేకరీ వచ్చేస్తోంది. ఆ నటి పాపం ఒక్క క్షణం మా మేడ వైపు చూసింది. చూసి, బేకరీలోకి వెళ్లిపోయింది.

నేను మామగారి చొక్కా పట్టుకుని లాగుతున్నాను. మా ఆవిడ చీకట్లో ప్లేబిల్ శ్రద్ధగా చదువుతోంది. అత్తగారు ఒక్కరే నిబ్బరంగా ఉన్నారు. ఈ గొంతు ఎన్నో ఏళ్లుగా విన్న మనిషి.

టార్చి మెట్లెక్కి వచ్చింది. పెద్దావిడ నా చెవి దగ్గర వంగి, ఆయనకు ఒంట్లో బాగానే ఉందా, డాక్టరుగానీ కావాలా అని అడిగింది. బాగానే ఉందని, పాట మళ్లీ పాడమంటున్నారని గుసగుసగా చెప్పాను. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించింది.

"తప్పకుండా పాడుతుంది. సాయంత్రం ఆటలో. బాక్సాఫీసులో టిక్కెట్లు ఉన్నాయి."

ఇంటర్వెల్ పదిహేను నిమిషాలు. ఆడవాళ్ల బాత్రూము క్యూ మెట్లు దిగి, వరండా చుట్టి, మళ్లీ మెట్ల దాకా వచ్చింది. అత్తగారూ మా ఆవిడా అందులో కలిసిపోయారు. మామగారిని కాస్త చల్లబరుద్దామని బ్రాడ్‌వే పద్ధతి చెప్పాను. ఇక్కడ ప్రతి క్షణానికీ లెక్కుంటుందని, ఈ రోజు ఆడినట్టే రేపూ ఆడాలని, ఫ్యాంటమ్ ఆఫ్ ది ఒపేరా అనే నాటకం 1988 నుంచి 2023 దాకా ఒకే హాల్లో 13,981 ఆటలు ఆడిందని.

ఆయన నోరు వెళ్లబెట్టారు. "పద్నాలుగు వేల ఆటలు, ఒక్క వన్స్ మోరూ లేకుండానా? ఏం బతుకండీ ఆ నటులది!"

రెండో సగంలో మామగారు బుద్ధిగా కూర్చున్నారు. ఒక్కో పాట చివర నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేస్తూ వచ్చాను, అల్లుడి ప్రేమ అనుకున్నట్టున్నారు. ఆట అయిపోయి జనం లేస్తున్నా పిట్‌లో వాద్యాలు మోగుతూనే ఉన్నాయి. జనం బయటికి పోయేదాకా వాయించడం అక్కడి ఆనవాయితీ. మేము కిందికి దిగి ముందుకు వెళ్లేసరికి మామగారు వెనక్కి తిరిగి పైకి చూపించారు. మెజనీన్ పిట్టగోడకు స్టేజీ వైపు తిప్పి ఒక చిన్న టీవీ. అందులో కండక్టరు ఒక్కడే చేతులు ఊపుతున్నాడు. పాడేవాళ్లు ఆయన చెయ్యి చూసి అందుకోవడానికి పెట్టింది అది. నేను చెప్పకముందే ఆయనకు తెలిసిపోయింది. "హార్మోనిస్టు మొహం కనపడకపోతే ఎవడు మాత్రం ఎత్తుకుంటాడు?" అంటూ ఆ ఆఖరి బాణీ పూర్తయ్యేదాకా కదల్లేదు.

గుమ్మం దగ్గర ఒక నటుడు, ఇందాకటి బేకరీ యజమాని, వేషం తీయకుండానే ఎర్ర బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఏటా కొన్ని వారాలు బ్రాడ్‌వే నటులు ఎయిడ్స్ బాధితుల సాయం కోసం ఇలా విరాళాలు పోగుచేస్తారు. మామగారికి ఆ వివరం అక్కర్లేదు. వేషం, గుమ్మం, బకెట్టు. చదివింపులు!

"నాన్నా, వేషం వేసుకున్నవాళ్లకి..." అని మా ఆవిడ అంటూ ఉండగానే ఇరవై డాలర్ల నోటు బకెట్లో పడింది. థాంక్యూ అన్నాడు నటుడు. మామగారు కదల్లేదు. వెనక క్యూ ఆగింది.

"అల్లుడుగారూ, పేరు చదవరేం?"

చదివింపుల పద్ధతి ఏమిటో, ఇచ్చినవాళ్ల పేరూ ఊరూ మైకులో ఎలా చెబుతారో ఆ నటుడికి నాకు చేతనైనంతలో చెప్పాను. మనిషి సరదా అయినవాడు. పేరడిగాడు, ఊరడిగాడు. బకెట్టు పైకెత్తి, హాలంతా వినపడేలా, మామగారి పేరు ముక్కలు ముక్కలు చేసి, "ఫ్రమ్ టెన్నలీ!" అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు.

మామగారు నొసలు చిట్లించి, మళ్లీ పర్సు తీసి, ఇంకో ఐదు డాలర్లు బకెట్లో వేశారు.

"టెన్నలీ కాదు బాబూ, తెనాలి. వన్స్ మోర్."