సెఖ్మెత్‌కి పిల్లి తల వద్దు

ప్రాచీన ఈజిప్టు దేవత సెఖ్మెత్‌ను మీ కామిక్‌లో సూపర్‌హీరోగా మలిచిన ఆలోచన బాగుంది, కానీ మీరు గీసిన బొమ్మలో తల నున్నగా, చెవులు మొనదేలి ఉన్నాయి. అది పిల్లి తల ఉన్న మరో దేవత, బాస్తెత్. సెఖ్మెత్ ఆడసింహం: చెవులు గుండ్రం, మూతి వెడల్పు, ముఖం చుట్టూ కుచ్చులాంటి జూలు. సింహం తలను మనిషి భుజాలకి కలిపేచోటే చాలామంది తడబడతారు, మెడ అతుకేసినట్టు కనిపిస్తుంది. క్రీ.పూ. 14వ శతాబ్దిలో ఈజిప్టు రాజు మూడో అమెన్‌హోతెప్ చెక్కించిన వందల నల్లరాతి విగ్రహాలు చూడండి. మూడు పాయల పొడవాటి విగ్గు, రెండు పాయలు ముందుకి, ఒకటి వీపు మీదికి. అతుకు దాని కిందే దాగిపోతుంది. తలపై సూర్యబింబం, దాని ముందు పడగెత్తిన నాగు. నిలబడితే చేతిలో పపైరస్ కాడ దండం, కూర్చుంటే అంఖ్ (పైన ఉంగరంలాంటి వలయం ఉన్న శిలువ ఆకారపు గుర్తు) చాలు.

శక్తుల్లో ఒట్టి మంటలే పెట్టడం నాకు నచ్చలేదు. ఆమె తెగుళ్లు పంపేది, ఆమె పూజారులేమో వైద్యం చేసేవాళ్లు. రెండూ ఒకే చేతిలో ఉంటే పాత్రకి ఎంత బలం! బలహీనత కూడా పురాణంలోనే ఉంది. మనుషుల్ని ఊచకోత కోస్తున్న ఆమెను ఆపడానికి సూర్యదేవుడు రా 7,000 కుండల బీరుకి ఎర్రరంగు కలిపించి, పొలాల్లో మూడు బెత్తెల ఎత్తున పారించాడు. ఆ ఎర్రనీటిలో తన ముఖం చూసుకుని మురిసి, తాగి, మత్తులో మనుషుల్నే మరిచిపోయింది. ఆ ముఖం కనబడే ప్యానెల్‌కి పూర్తి పేజీ ఇవ్వాలి.