పద్ధతి మార్చుకుంటే పట్టు పోదు
కోచ్ సీజన్ మధ్యలో పద్ధతి మార్చుకుంటే ఆటగాళ్లకు అతని మీద నమ్మకం సడలుతుందని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. 2015లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 1-2తో వెనకబడింది. నాలుగో మ్యాచ్‌కి కోచ్ స్టీవ్ కెర్ రింగ్ దగ్గర ఆడే పొడగరి సెంటర్ బోగట్‌ని పక్కనపెట్టి ఇగువోడాలాని మొదటి ఐదుగురిలోకి తెచ్చాడు. ఆ ఆలోచన ఇచ్చింది సీనియర్ కోచ్ కాదు, సిబ్బందిలో ఒక కుర్రాడు. వరసగా మూడు మ్యాచ్‌లూ గెలిచి టైటిల్ కొట్టారు, ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు) కూడా ఇగువోడాలాకే వచ్చింది. నేను కొన్నేళ్లు స్కూల్ అమ్మాయిలకు కోచింగ్ ఇచ్చాను. జట్టులో అందరికంటే పొడుగమ్మాయి బయటి నుంచి షాట్ వేస్తానని అడిగితే, రింగ్ కింద నుంచి కదలొద్దని రెండేళ్లు ఆపాను. నాకు నేర్పినవాళ్లు అలాగే చెప్పారు మరి! చివరికి ఒప్పుకున్నాక చూస్తే, ఆ అమ్మాయిని కాయడానికి అవతలి పొడుగు డిఫెండర్ బయటికి రావాల్సి వచ్చింది. లోపల ఖాళీ దొరికి మిగతా పిల్లలు రింగ్ దగ్గరికి వెళ్లి హాయిగా లేఅప్‌లు (దగ్గరి షాట్లు) వేశారు. ఆ రెండేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అయితే అన్నీ మార్చేయమనడం లేదు. రీబౌండ్ (షాట్ తప్పి తిరిగొచ్చే బాల్) కోసం ప్రత్యర్థిని ఒంటితో అడ్డుకుని బాక్సవుట్ చేయడం, బాల్ పోగానే వెనక్కి పరిగెత్తడం విషయంలో నేను ఎప్పుడూ తగ్గలేదు. నేను మాట మార్చుకున్నందుకు పిల్లలు నన్ను చులకనగా చూడలేదు. ఆ తర్వాతే ప్రాక్టీస్‌లో భయం లేకుండా నోరు విప్పి అడగడం మొదలుపెట్టారు.