‘ఇది అసలు చార్జర్ కాదు’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఇది అసలు చార్జర్ కాదు’ అనే వాక్యం గారి దివ్యసముఖానికి, డెట్రాయిట్ శివారులో కాపురముంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనా అని అడగడం కేవలం మర్యాద కోసమే. 2024 మార్చిలో డాడ్జ్ అనే అమెరికా కార్ల సంస్థ విద్యుత్తుతో నడిచే కొత్త చార్జర్ డేటోనా కారును బయటపెట్టిన నాటినుంచి, నలుగురు కారు ప్రియులు కూడిన చోట తమరి పేరు వినబడని రోజు నాకు గుర్తులేదు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు నేను కొంత విచారించాను. 1966లో డాడ్జ్ వారు తమ కరోనెట్ కారుకు వెనక్కి వాలిన కప్పు తొడిగి చార్జర్ అని నామకరణం చేశారు. ‘ఇది కరోనెట్టే కదా’ అని ఆనాడే ఎవరో ఒకరు పెదవి విరిచి ఉంటారనీ, తమరికి పురుడు పోసింది ఆ పెదవేననీ నా ఊహ. ఇక భక్తులు మూలవిరాట్టుగా కొలిచేది 1968లో వచ్చిన రెండవ తరాన్ని: మూతల వెనుక దాక్కున్న హెడ్‌లైట్లు, సన్నని నడుము, లోపలికి నొక్కినట్టున్న వెనుక అద్దం. ఆ అద్దం దగ్గర గాలి సుడి తిరిగి రేసుల్లో వేగం తగ్గుతున్నదని కంపెనీయే ఆ విరాట్టును చెక్కడం మొదలుపెట్టి, అద్దాన్ని సరిచేసి, చివరకు 1969లో ముందు పొడవాటి ముక్కు, వెనుక నిలువెత్తు రెక్క అతికించి డేటోనా అని పిలిచింది. ఆ అతుకుల కారుతోనే రేసు డ్రైవరు బడ్డీ బేకర్ 1970 మార్చిలో టాలడేగా రేసు బాటపై గంటకు 200 మైళ్ళ వేగాన్ని దాటాడు. మూలవిరాట్టుకే ఇంత శస్త్రచికిత్స జరిగిందని గుర్తుచేస్తే తమరి భక్తులకు కోపం వస్తుంది కనుక, ఈ సంగతి తమరితో మాత్రమే చెప్పుకుంటున్నాను.

1983లో అదే పేరు ఒక చిన్న, ముందు చక్రాలతో నడిచే, నాలుగు సిలిండర్ల కారుకు దక్కింది. రేసు కార్ల రూపకర్త కారల్ షెల్బీ అంతటివాడు చెయ్యి వేసినా ఆ ఏడు దాని శక్తి 107 హార్స్‌పవర్ దగ్గర ఆగింది. ఆ ఒక్కసారి తమరు పలికినది అక్షరసత్యం. నేనేమీ వాదించను.

నాకు తమరిపై గౌరవం, అనుమానం కలిసి పుట్టినది 2006 మోడల్ విషయంలో. చార్జర్ పేరు తిరిగి వచ్చింది, హెమీ అనే ఎనిమిది సిలిండర్ల ఇంజను వచ్చింది, వెనుక చక్రాలకే శక్తి వచ్చింది. అయితే పాత రెండు తలుపులకు బదులు నాలుగు వచ్చాయి. అంతే, తమరు జైత్రయాత్రకు బయలుదేరారు. పిల్లలను బడిలో దించే బండికి ఆ పేరేమిటన్నారు. పోలీసు శాఖలు దానిని కొనడం మొదలుపెట్టాక, వెంటాడవలసిన పోలీసు పారిపోవలసిన కారులో వస్తున్నాడని కూడా వాపోయారు. 2015 మోడల్‌కు హెల్‌క్యాట్ పేరుతో 707 హార్స్‌పవర్ ఎక్కాక తమరి గొంతు కొంచెం తగ్గింది. 2023 చివర ఆ కారుకు మంగళం పాడాక మాత్రం అద్భుతం జరిగింది. ఏటా ఆగస్టులో మా డెట్రాయిట్ దగ్గరి ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల ఊరేగింపును మడత కుర్చీలో కూర్చుని చూస్తుండగా, ఒక పెద్దమనిషి తన నాలుగు తలుపుల చార్జర్‌ను పసిబిడ్డను తుడిచినట్టు తుడుస్తూ, ‘చివరి అసలు చార్జర్ ఇదే’ అని నాతో అన్నాడు. చచ్చినవాడి కళ్ళు చేరడేసి అని మా ఊళ్ళో అనే మాటకు ఇంత మెరుగు పెట్టిన ఉదాహరణ నేను అంతకుముందు చూడలేదు. ఇరవై ఏళ్ళ కింద ఆ కారును తమరు వెలివేసిన సంగతి అతనికి గుర్తుందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పటి కారు విషయంలో కంపెనీవారే తమరికి పీట వేసి వడ్డించారని ఒప్పుకోక తప్పదు. విద్యుత్ మోటారుకు గర్జన ఉండదు కనుక, కారు వెనుక భాగంలో గదులు, యాంప్లిఫయరు, స్పీకర్లు అమర్చి, దానికి ‘ఫ్రాట్జానిక్’ ఎగ్జాస్ట్ అని పేరుపెట్టి, హెల్‌క్యాట్‌తో సమానంగా 126 డెసిబెళ్ళు మోగుతుందని 2022లోనే చాటారు. పొగ లేని చోట పొగగొట్టం కట్టి దానికి మేళం పెట్టడమన్నమాట. ఈ పేరుకు మూలమైన ‘ఫ్రాట్జాగ్’ అనే పాత డాడ్జ్ ముద్రకు అర్థమే లేదు. ఎవరో అలవోకగా కల్పించిన మాట అది. అర్థం లేని మాటలోంచి ఇంజను లేని శబ్దాన్ని పుట్టించిన వారి ముందు తమరికి పెద్దగా శ్రమ లేకపోయింది. స్కాట్ ప్యాక్ రకానికి 670 హార్స్‌పవర్ ఉన్నదని ఎవరైనా నసిగితే, బరువు 2,600 కిలోలు దాటిందని తమరు కసిరారు. ఆ మాట కూడా నిజమే.

నన్ను నిజంగా అబ్బురపరచినది ఆ తరువాతి ఘట్టం. పెట్రోలు కావాలని తమరు పట్టుబట్టారు. సరేనని వారు రెండు టర్బోలతో, వరుసగా ఆరు సిలిండర్లున్న మూడు లీటర్ల ఇంజనుతో సిక్స్‌ప్యాక్ అనే రకాన్ని తెచ్చారు. దాని పై రకం శక్తి 550 హార్స్‌పవర్. అందరూ కన్నీరు కారుస్తున్న 6.4 లీటర్ల హెమీకి ఉన్నది 485. తమరు ఒక్క క్షణం కూడా తడుముకోకుండా ‘సిలిండర్లు ఎనిమిది కావు’ అన్నారు. ఒకప్పటి సిక్స్ ప్యాక్ అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజనుపై రెండేసి గొట్టాలున్న మూడు కార్బురేటర్లని, ఇప్పటివారు అంకెను మాత్రం ఉంచుకుని దినుసును మార్చారని శాస్త్రం కూడా చదివారు. ఆ పాండిత్యానికి నా జోహార్లు. అయితే అంత చదివిన నోటితోనే, ఈ అమెరికా కండబలం 2006 మోడల్ నుంచి కెనడాలోని బ్రాంప్టన్‌లో తయారయిందని తమరు ఏనాడూ ఫిర్యాదు చేయలేదెందుకు? కొత్తది కూడా కెనడాలోని విండ్సర్‌లోనే తయారవుతున్నది. మా ఇంటి పసిఫికా మినీవ్యాను పుట్టిందీ ఆ కర్మాగారంలోనే. అందుచేత నేను చార్జర్ వంశానికి దూరపు చుట్టాన్నని చెప్పుకుంటే, ఉడ్‌వర్డ్ మీద ఎవరూ కుర్చీ జరపలేదు.

ఒక చిన్న మనవి. ఏనాడో ఒకనాడు డాడ్జ్ వారు మరొక చార్జర్‌ను తెస్తారు. దానికి ఇంజను ఉంటుందో, తలుపులే ఉండవో చెప్పలేను. ఆ రోజు ఉడ్‌వర్డ్ మీద ఎవరో ఒక పెద్దాయన 2024 నాటి డేటోనాను తుడుస్తూ, దాని స్పీకర్లను ఆన్ చేసి, ‘విన్నావా, అసలు శబ్దమంటే ఇది’ అని మనవడికి చెబుతూ ఉంటాడు. అప్పుడు తమరు కొత్త కారు దగ్గర తీరిక లేకుండా ఉంటారని తెలుసు. అయినా నా పక్కన ఒక మడత కుర్చీ ఖాళీగా ఉంచుతాను. వీలు చూసుకుని ఒకసారి వచ్చి కూర్చోండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
విండ్సర్ మినీవ్యాను యజమాని