సవరణ: పిల్లల పేగుల్లో నిరోధక జన్యువులుంటే జబ్బున్నట్టు కాదు

ఆరోగ్యంగా ఉన్న పిల్లల పేగుల్లోనూ 'మందులకు లొంగని క్రిములు' ఉన్నాయని మొన్న రాసిన వాక్యాన్ని 'నిరోధక జన్యువులు' (యాంటీబయాటిక్ మందులను తట్టుకునే శక్తిని బ్యాక్టీరియాకిచ్చే జన్యువులు) ఉన్నాయని సవరించి చదవండి. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ బృందం 2013లో ప్రచురించిన, ఆ వాక్యానికి ఆధారమైన అధ్యయనంలో, 22 మంది పిల్లల మలంలోని డీఎన్‌ఏను ముక్కలు చేసి, ఈ.కోలై అనే బ్యాక్టీరియాలోకి ఎక్కించి, యాంటీబయాటిక్ కలిపిన ప్లేట్ల మీద పెంచారు. బతికి బట్టకట్టిన వాటిలో ఏ ముక్క ఉందో చదివారు. జబ్బు చెయ్యని మామూలు పేగు బ్యాక్టీరియాలోనూ ఇలాంటి జన్యువులుంటాయి. కాబట్టి టెన్షన్ పడి టెస్టులకు పరుగెత్తక్కర్లేదు.

నా అసలు బెంగ వేరే. ఈ జన్యువుల్లో కొన్ని, బ్యాక్టీరియా ఒకదానికొకటి అందించుకునే చిన్న డీఎన్‌ఏ వలయాలైన ప్లాస్మిడ్‌ల ద్వారా రోగకారక క్రిములకూ చేరగలవు. వైరస్‌తో వచ్చిన జలుబుకి ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ పట్టిస్తే జలుబు తగ్గదు సరికదా, ఆ మందుకు తట్టుకునే బ్యాక్టీరియాకే పేగుల్లో చోటు పెరుగుతుంది.